ఒకే గెలాక్సీకి ఇన్ని దూరాలు ఎందుకు?

2024 మే చివర్లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌తో పనిచేసే ఒక బృందం జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ గురించి ప్రకటించింది. అప్పటిదాకా చూసినవాటిలో అన్నిటికంటే దూరంగా ఉన్న గెలాక్సీ అదే. తర్వాత దాన్ని కొద్దిగా దాటినది ఇంకొకటి దొరికింది. వార్తల్లో మాత్రం జేడ్స్ గెలాక్సీ దూరం రెండు రకాలుగా వచ్చింది. కొందరు 1350 కోట్ల కాంతి సంవత్సరాలన్నారు, కొందరు దాదాపు 3400 కోట్లన్నారు. రెండూ చూసినవాళ్లకు అనుమానం రావడం సహజం. విశ్వం వయసే 1380 కోట్ల ఏళ్లు కదా, 3400 కోట్ల కాంతి సంవత్సరాల అవతల నుంచి వెలుగు మన దాకా ఎలా వచ్చింది? అది కాంతిని మించిన వేగంతో వచ్చిందా?

రాలేదు. చిక్కంతా "ఎంత దూరం" అన్న ప్రశ్నలోనే ఉంది. ఆ ప్రశ్నలో ఇంకో రెండు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి. ఎప్పటి దూరం? ఏ పద్ధతిలో కొలిచిన దూరం? భూమి మీద వీటిని ఎవరూ అడగరు. కొలిచేలోపు దూరం మారిపోదు, ఏ పద్ధతిలో కొలిచినా ఒకే జవాబు వస్తుంది. కానీ వెలుగు దారిలో ఉండగానే ఆ దారి సాగిపోతూ ఉంటే, ఈ రెండూ అడగకుండా చెప్పే ఏ అంకెకూ అర్థం ఉండదు.

దగ్గర్లో ఉన్నవాటితో ఈ గొడవ లేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటుంది కాబట్టి దగ్గరి నక్షత్రం వెనకున్న నక్షత్రాల మధ్య కాస్త అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. ఆ కోణాన్నే పారలాక్స్ అంటారు. 1838లో బెసెల్ 61 సిగ్ని అనే నక్షత్రానికి మొదటిసారి దీన్ని నమ్మకంగా కొలిచాడు. మన కాలంలో గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలకు కొలిచింది. ఇంకా దూరం వెళ్లాలంటే అసలు ప్రకాశం ఎంతో ముందే తెలిసిన వస్తువు కావాలి. సెఫీడ్ అనే నక్షత్రాలు క్రమం తప్పకుండా వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. ఆ హెచ్చుతగ్గులకు ఎంత ఎక్కువ సమయం పడితే ఆ నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని హెన్రియెటా లెవిట్ 1912లో చూపించింది. అసలు ప్రకాశం తెలుసు, మనకు ఎంత మసకగా కనిపిస్తోందో తెలుసు, కాబట్టి దూరం లెక్కకట్టొచ్చు. 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్‌ను గుర్తుపట్టి, అది మన పాలపుంతలో భాగం కాదని తేల్చింది ఈ పద్ధతితోనే.

ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. విశ్వం విస్తరిస్తోందని మనం కంగారు పడాల్సినంత దూరం కాదది. పైగా గురుత్వాకర్షణ వల్ల అది మన వైపే వస్తోంది. గెలాక్సీలు, సౌరకుటుంబం, మనం ఇవేవీ విశ్వంతోపాటు సాగడం లేదు. ఒకదానినొకటి బలంగా పట్టి ఉంచుకోని గెలాక్సీ గుంపుల మధ్యే ఆ సాగుడు.

తేడాలు మెల్లగా మొదలవుతాయి. రెడ్‌షిఫ్ట్ (దారిలో వెలుగు అలలు ఎంత సాగాయో చెప్పే అంకె) 0.1 ఉన్న గెలాక్సీని తీసుకుంటే, నాలుగు రకాలుగా లెక్కకట్టినప్పుడు వచ్చే అంకెలు సుమారుగా 129, 134, 142, 156 కోట్ల కాంతి సంవత్సరాలు. కాస్త ఉజ్జాయింపుగా మాట్లాడుకుంటే సర్దుకుపోవచ్చు. జేడ్స్ గెలాక్సీ దగ్గరికొచ్చేసరికి అవే లెక్కలు 220 కోట్లు, 1350 కోట్లు, 3390 కోట్లు, 51 వేల కోట్లు అవుతాయి. ఇక్కడ సర్దుకుపోవడం కుదరదు.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ గెలాక్సీ విషయంలో శాస్త్రవేత్తలు నేరుగా కొలిచింది ఈ నాలుగు అంకెల్లో ఏదీ కాదు. వాళ్లు కొలిచింది రెడ్‌షిఫ్ట్. అదెలాగో కొంచెం దగ్గర నుంచి చూద్దాం. తొలినాళ్ల విశ్వంలో హైడ్రోజన్ వాయువు నిండి ఉండేది. 121.6 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతిని ఆ వాయువు దాదాపు పూర్తిగా మింగేసేది. అందుకే ఆ గెలాక్సీ వర్ణపటంలో ఆ అంకె దగ్గర గోడ కట్టినట్టు వెలుగు ఒక్కసారిగా ఆగిపోవాలి. వెబ్ టెలిస్కోప్‌కు ఆ గోడ 121.6 దగ్గర కనిపించలేదు. సుమారు 1850 నానోమీటర్ల దగ్గర, కంటికి కనిపించని పరారుణ కాంతిలో కనిపించింది. అంటే అలలు 15 రెట్లకు పైగా సాగాయి. గోడ అంచు కొంచెం మసకగా ఉండడంతో మొదట రెడ్‌షిఫ్ట్ 14.32 అన్నారు. తర్వాత చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోప్ అదే గెలాక్సీలో ఆక్సిజన్ విడుదల చేసే గీతను పట్టుకుంది. అసలు 88 మైక్రాన్ల దగ్గర ఉండాల్సిన గీత 1.34 మిల్లీమీటర్ల దగ్గర దొరికింది. దాంతో రెడ్‌షిఫ్ట్ 14.18 అని స్థిరపడింది.

ఈ అంకెకు అర్థం సూటిగా ఉంటుంది. దానికి ఒకటి కలిపితే 15.18. ఆ వెలుగు బయలుదేరినప్పటి నుంచి ఇప్పటిదాకా విశ్వంలోని దూరాలన్నీ 15.18 రెట్లు పెరిగాయి. ఇందులో ఎంతకాలం పట్టిందన్నది లేదు, ఎంత దూరమన్నదీ లేదు. ఎంత సాగిందో అంతే. కానీ ఇది రాయి లాంటి కొలత. విశ్వం గురించి రేపు మన అభిప్రాయాలు మారినా 15.18 మారదు. మిగతావన్నీ దీని నుంచి లెక్కకట్టి తెచ్చుకున్నవే.

ఇప్పుడు ఆ వెలుగు వెంట మనమూ బయలుదేరదాం. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

విశ్వానికి 29 కోట్ల ఏళ్ల వయసున్నప్పుడు ఒక కాంతి కణం ఆ గెలాక్సీ నుంచి మన వైపు బయలుదేరింది. మన వైపు అంటే, తర్వాతెప్పుడో పాలపుంత ఏర్పడబోయే చోటు వైపు. ఆ రోజున రెండు చోట్ల మధ్య దూరం సుమారు 220 కోట్ల కాంతి సంవత్సరాలు. విశ్వం స్థిరంగా ఉండి ఉంటే 220 కోట్ల ఏళ్లలో చేరిపోయేది. కానీ అప్పుడు విస్తరణ చాలా జోరుగా ఉంది. ఆ దూరం కాంతి వేగానికి సుమారు 5 రెట్ల వేగంతో పెరుగుతోంది. సాగుతున్న రబ్బరు తాడు మీద నడిచే చీమ ఎలా ఉంటుందో ఊహించుకోండి. చీమ అడుగు ముందుకే వేస్తోంది, కానీ దాని కాళ్ల కింద తాడు అంతకంటే వేగంగా వెనక్కి పోతోంది. ఆ కాంతి కణం పరిస్థితీ అదే. మన వైపు ప్రయాణిస్తూనే మనకు దూరమవుతూ పోయింది. అలా ఒకటీ రెండూ కాదు, దాదాపు 380 కోట్ల ఏళ్లు.

ఈలోగా పదార్థం తాలూకు గురుత్వాకర్షణ విస్తరణకు కళ్లెం వేస్తూ వచ్చింది. అదీగాక, మనకూ ఆ కణానికీ మధ్య ఉన్న దూరంలో కొంత భాగాన్ని కణం తన అడుగులతో దాటేస్తూనే ఉంది. విశ్వానికి 400 కోట్ల ఏళ్లు దాటేసరికి ఆ కాంతి కణం మన నుంచి సుమారు 580 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి కొట్టుకుపోయింది. అక్కడ ఒక క్షణం లెక్క సమానమైంది. ఆ చోటు మన నుంచి దూరమయ్యే వేగం సరిగ్గా కాంతి వేగానికి దిగింది. అక్కడి నుంచి కణానిదే పైచేయి. మిగతా 970 కోట్ల ఏళ్లలో ఆ దూరమంతా దాటుకుని వెబ్ అద్దం మీద పడింది.

మొత్తం ప్రయాణానికి పట్టింది 1350 కోట్ల ఏళ్లు. వార్తల్లో కనిపించే ఆ అంకె ఇదే. ఇది కాలం. వెలుగు ఒక ఏడాదిలో వెళ్లే దూరాన్ని కాంతి సంవత్సరం అంటాం కాబట్టి, 1350 కోట్ల ఏళ్లు ప్రయాణించింది అంటే 1350 కోట్ల కాంతి సంవత్సరాల దూరమని రాసేస్తున్నారు. బయలుదేరినప్పుడు ఆ గెలాక్సీ అంత దూరంలో లేదు, ఇప్పుడూ అంత దూరంలో లేదు. నా ఉద్దేశంలో దాన్ని దూరంగా రాయడం మానేయాలి. "విశ్వానికి 29 కోట్ల ఏళ్ల వయసున్నప్పటి గెలాక్సీ" అంటే తప్పూ ఉండదు, చదివేవాళ్లకు సూటిగా అర్థమవుతుంది కూడా.

మరి ఇప్పుడు ఎక్కడుంది? అప్పటి 220 కోట్లు 15.18 రెట్లు సాగితే సుమారు 3390 కోట్లు. ఈ క్షణంలో విశ్వాన్ని ఎవరైనా ఉన్నచోట ఉన్నట్టు ఆపేసి, మన నుంచి అక్కడిదాకా టేపు పరిచి కొలిస్తే వచ్చే దూరం ఇది. దీన్ని సహగామి దూరం అనొచ్చు. విశ్వం పటం గీయాలంటే ఇదే కావాలి. అయితే ఎవరూ అలా టేపు పరచలేరు, కాబట్టి ఇది పూర్తిగా లెక్కల్లో పుట్టిన దూరం. మనం చూడగలిగిన విశ్వం అంచు 4600 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉందనేది కూడా ఈ లెక్క ప్రకారమే. విశ్వ నేపథ్య వికిరణాన్ని చూస్తే ఈ రెండు అంకెల మధ్య ఎడం ఇంకా విచిత్రంగా ఉంటుంది. విశ్వానికి 3 లక్షల 80 వేల ఏళ్లప్పుడు వెలువడిన వెలుగు అది. అప్పుడు అది మనకు 4 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర్లోనే ఉంది. అది వెలువడిన చోటు ఇప్పుడు 4500 కోట్లకు అవతల ఉంది.

ఇక్కడ చాలామందికి ఇంకో ఇబ్బంది. జేడ్స్ గెలాక్సీ ఇప్పుడు కూడా మన నుంచి కాంతి వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో దూరమవుతోంది. ఐన్‌స్టీన్ కాంతి వేగాన్ని ఏదీ దాటలేదన్నాడు కదా? ఆయన చెప్పిన హద్దు ఒక వస్తువు తన పక్కనున్న వస్తువును దాటిపోయే వేగానికి. ఆ గెలాక్సీ తన చుట్టుపక్కల దేన్నీ కాంతిని మించిన వేగంతో దాటడం లేదు. మధ్యలో ఉన్న కోటానుకోట్ల కాంతి సంవత్సరాల ప్రదేశం తలా కొంచెం పెరిగితే, ఆ కొంచెం కొంచెం అంతా కలిసి ఆ వేగమవుతుంది.

తిరిగి దూరాలకు వద్దాం. కాంతి కణం ముందు దూరమై తర్వాత దగ్గరైందని అనుకున్నాం కదా. ఆ ప్రయాణం ఆకాశంలో మన కంటికే కనిపించేలా ఒక గుర్తు వదిలింది. మామూలుగా వస్తువు దూరమయ్యేకొద్దీ చిన్నగా కనిపిస్తుంది. విశ్వంలో మాత్రం ఒక హద్దు దాకానే అలా జరుగుతుంది. రెడ్‌షిఫ్ట్ 1.6 దాటాక, ఇంకా దూరం వెళ్లేకొద్దీ అదే పరిమాణంలో ఉన్న గెలాక్సీ పెద్దగా కనిపించడం మొదలవుతుంది!

కారణం వెతుక్కోనక్కర్లేదు, పైన చెప్పుకున్నదే. ఒక వస్తువు ఆకాశంలో ఎంత వెడల్పుగా కనిపించాలన్నది దాని రెండు చివరల నుంచి కాంతి కిరణాలు బయలుదేరిన క్షణంలోనే తేలిపోతుంది. ఆ క్షణంలో అది మనకు ఎంత దగ్గరుంటే అంత పెద్ద కోణం. జేడ్స్ గెలాక్సీ నుంచి వెలుగు బయలుదేరినప్పుడు అది 220 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గర్లోనే ఉంది. రెడ్‌షిఫ్ట్ 1.6 గెలాక్సీ నుంచి వెలుగు బయలుదేరినప్పుడు అది 580 కోట్ల దూరంలో ఉంది. పాతది అప్పట్లో దగ్గర, కొత్తది అప్పటికే దూరం. జేడ్స్ గెలాక్సీ వెడల్పు సుమారు 1600 కాంతి సంవత్సరాలు. అది మనకు దాదాపు 0.15 ఆర్క్‌సెకన్ల కోణంలో కనిపిస్తుంది (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు). అదే గెలాక్సీని రెడ్‌షిఫ్ట్ 1.6 దగ్గర పెడితే 0.06 కంటే తక్కువే. రెడ్‌షిఫ్ట్ 0.2 దగ్గర, అంటే మనకు ఎంతో చేరువలో పెడితేనే మళ్లీ 0.15 వస్తుంది. కోణాన్ని బట్టి కట్టే ఈ దూరాన్ని కోణీయ వ్యాస దూరం అంటారు. అది 220 కోట్లు. బయలుదేరినప్పటి అసలు దూరమూ ఇదే అవడం కాకతాళీయం కాదు.

అంత వెడల్పుగా కనిపిస్తే వాటిని పట్టుకోవడం తేలిక కావాలి కదా? అక్కడే ప్రకాశం ఎదురు తిరుగుతుంది. ప్రతి కాంతి కణం సాగడం వల్ల దాని శక్తి 15.18వ వంతుకు పడిపోయింది. అంతేకాదు, గెలాక్సీ నుంచి సెకనుకొకటి చొప్పున బయలుదేరిన కణాల మధ్య ఎడం కూడా సాగి, ఇక్కడికి 15.18 సెకన్లకొకటి చొప్పున వస్తున్నాయి. రెండు దెబ్బలూ కలిపితే మనకు చేరే వెలుగు మరో 230 రెట్లు తగ్గింది. ఇదేమీ తెలియనివాళ్లు ఆ మసకదనాన్ని చూసి దూరం లెక్కకడితే 51 వేల కోట్ల కాంతి సంవత్సరాలని వస్తుంది. దీని పేరు ప్రకాశ దూరం. విడ్డూరంగా అనిపించినా సూపర్‌నోవాలతో, అంటే పేలిపోయే నక్షత్రాలతో పనిచేసేవాళ్లకు రోజూ చేతిలో ఉండే దూరం ఇదే, ఎందుకంటే వాళ్లు కొలవగలిగింది వెలుగునే. ఎడం సాగుతుందన్న మాట ఊహ కాదని చెప్పే సాక్ష్యం కూడా సూపర్‌నోవాలే. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర పేలిన 1ఏ రకం సూపర్‌నోవా దగ్గర్లో పేలినదానికంటే రెండింతలు నెమ్మదిగా వెలిగి ఆరుతుంది.

తక్కువ వెలుగు ఎక్కువ వెడల్పులో పరుచుకుంటే ఏమవుతుందో ఊహించొచ్చు. స్థిరంగా ఉన్న విశ్వంలో గెలాక్సీ ఎంత దూరంగా ఉన్నా దాని ఉపరితల ప్రకాశం, అంటే ఆకాశంలో అది కనిపించే ఒక్కో ముక్క నుంచి వచ్చే వెలుగు, మారదు. మన విశ్వంలో అది ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్‌కు నాలుగో ఘాతం మేరకు తగ్గుతుందని 1930లో టోల్మన్ చూపించాడు. జేడ్స్ గెలాక్సీ విషయంలో 53 వేల రెట్లు! వెబ్ లాంటి టెలిస్కోప్ అన్నేసి గంటలు ఒకే చోటికి చూస్తూ ఉండాల్సిన అవసరం ఇందుకే వస్తుంది. ప్రకాశ దూరాన్ని కోణీయ దూరంతో భాగిస్తే ఎప్పుడూ ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్ వర్గమే (ఈ గెలాక్సీకైతే 15.18 వర్గం) రావాలని, విశ్వం ఏ తీరున విస్తరించినా ఈ లెక్క తప్పదని ఎథరింగ్టన్ 1933లో నిరూపించాడు. ఇంత పొంతన లేనట్టు కనిపించే దూరాలన్నీ నిజానికి ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉన్నాయి.

ముడి ఉంది సరే, రెడ్‌షిఫ్ట్ నుంచి అసలు మొదటి దూరాన్ని ఎలా తెచ్చుకుంటాం? దానికి విశ్వం ఏ కాలంలో ఎంత జోరుగా విస్తరించిందో తెలియాలి. అందులో ముఖ్యమైన అంకె ఇప్పటి విస్తరణ రేటు, అంటే హబుల్ స్థిరాంకం. ఈ అంకె చరిత్ర అంత ప్రశాంతంగా ఏమీ సాగలేదు. 1927లో లెమైత్రే సిద్ధాంతం నుంచి, 1929లో హబుల్ పరిశీలనల నుంచి దూరానికీ వేగానికీ ఉన్న సంబంధాన్ని చూపించారు. హబుల్‌కు వచ్చిన అంకె మెగాపార్సెక్‌కు, అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి, సెకనుకు 500 కిలోమీటర్లు. అదే నిజమైతే విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లే. భూమి మీది రాళ్లే అంతకంటే పాతవి! సెఫీడ్‌లలో రెండు రకాలున్నాయని 1952లో బాడె గుర్తించాకే దూరాలు రెండింతలై ఆ చిక్కు విడడం మొదలైంది. తర్వాత కొన్ని దశాబ్దాలు 50 అనేవాళ్లు, 100 అనేవాళ్లు రెండు వర్గాలుగా వాదించుకున్నారు. హబుల్ టెలిస్కోప్ బృందం 2001లో 72 దగ్గర తేల్చింది.

ఇప్పుడు గొడవ చాలా చిన్న అంకెల మీద, కానీ మరింత పట్టుదలగా జరుగుతోంది. విశ్వ నేపథ్య వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్క ప్రకారం 67.4. దగ్గరి నుంచి దూరానికి ఒక్కో మెట్టుగా సెఫీడ్‌లు, సూపర్‌నోవాల నిచ్చెన ఎక్కి కొలిచిన షూస్ బృందం లెక్క ప్రకారం 73. రెండు వైపులా పొరపాటు అవకాశం ఒక అంకె అటూ ఇటూ మాత్రమే, అందువల్ల దీన్ని కాకతాళీయం అని కొట్టిపారేయలేం. శాస్త్రవేత్తలు దీనికి పెట్టుకున్న పేరే హబుల్ టెన్షన్. ఇంకో రకం నక్షత్రాలతో కొలిచిన వెండీ ఫ్రీడ్‌మన్ బృందానికి 70కి దగ్గరగా వచ్చింది. నేను పైన ఇచ్చిన దూరాలన్నీ ప్లాంక్ అంకెతో కట్టినవి. మిగతా లెక్కలు కదపకుండా 73 తీసుకుంటే అన్నీ దాదాపు 8 శాతం కుదించుకుపోతాయి. అప్పుడు 3390 కోట్లు 3130 దగ్గరికి వస్తుంది. పరిశోధన పత్రాల్లో దూరం పక్కన ఏ విస్తరణ రేటు తీసుకున్నారో తప్పకుండా రాయడం ఇందుకే.

నిచ్చెనతో పనిలేకుండా దూరం చెప్పే మార్గం ఒకటి 2017 ఆగస్టు 17న దొరికింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొన్నప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలను లైగో, విర్గో అనే పరికరాలు పట్టుకున్నాయి. ఆ తరంగాల పౌనఃపున్యం, అంటే సెకనుకు వచ్చే అలల సంఖ్య, ఎలా పెరుగుతూ పోయిందో చూస్తే అవి బయలుదేరినప్పుడు ఎంత బలంగా ఉన్నాయో సమీకరణాలే చెప్పేస్తాయి. మన దగ్గరికి ఎంత బలహీనపడి వచ్చాయో పరికరం చెబుతుంది. రెండిటినీ పోలిస్తే ప్రకాశ దూరం నేరుగా వచ్చేస్తుంది, మధ్యలో సెఫీడ్ లేదు, సూపర్‌నోవా లేదు. అదే సంఘటన వెలుగును మామూలు టెలిస్కోపులు సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎన్‌జీసీ 4993 గెలాక్సీలో చూశాయి, కాబట్టి రెడ్‌షిఫ్ట్ కూడా తెలిసింది. లెక్కకడితే విస్తరణ రేటు 70 వచ్చింది. అయితే ఒక్క సంఘటనే కావడం వల్ల, ఆ జంట కక్ష్య మన వైపు ఎంత వాలి ఉందో సరిగా తెలియకపోవడం వల్ల, అది 62 నుంచి 82 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. తరంగాలూ వెలుగూ రెండూ దొరికే ఇలాంటి ఢీకొనడాలు ఇంకొన్ని పదులు పట్టుబడితే ఆ వెడల్పు తగ్గి, 67కూ 73కూ మధ్య తీర్పు చెప్పేంత సూటిగా అవుతుంది.